మేజరమ్మ బూట్లు విప్పించిన రోజు

ఆత్మకూరు బస్టాండు గేటు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన పాలిష్ డబ్బా మూత తీశాడంటే నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతాను. చూసేవాళ్ళు నాకా వాసన పడదేమో అనుకుంటారు. పడకపోవడం కాదు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, సీతారామపురం హైస్కూలు ఆవరణ, నడినెత్తిన ఎండ, వరుసగా నిలబడ్డ ముసలి సైనికులు కళ్ళముందుకొచ్చి గుండె దడ మొదలవుతుంది. నిన్న మందుల పెట్టెలు ఆటోలోంచి దించుకుంటుంటే మళ్ళీ అదే అయింది. పెట్టె కింద పెట్టి ఒక అరుగు మీద కూలబడ్డాను. ఆటో అబ్బాయి కంగారుపడి బీపీనా మేడమ్ అని అడిగాడు. బీపీ కాదు నాయనా, మేజరమ్మ అంటే అతనికేం తెలుస్తుంది? ఆవిణ్ణి చూసినవాడు కాదు. మీరూ చూసినవాళ్ళు కారు. అయినా మీకు చెప్పాలనిపించింది.

మేజర్ సుగుణమ్మ గారిది ఉదయగిరి. బాప్టిస్టు కుటుంబం. వాళ్ళ నాయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాడట. ఈవిడ నర్సింగ్ చదివి సైన్యంలో చేరి, దేశంలో ఉన్న చలీ ఎండా అన్నీ చూసి, మేజర్ హోదాలో రిటైరై సొంతవూరు వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలా" అనేది. ఆత్మకూరులో మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే చిన్న వైద్యశాలకు ఆవిణ్ణి ఇన్‌చార్జిగా వేశారు. నేను వింజమూరు నుంచి ఫార్మసిస్టుగా చేరాను. ఫార్మసీ చదివి ఇంట్లో ఖాళీగా కూర్చుని, అమ్మ చేత రోజూ అక్షింతలు వేయించుకుంటున్న రోజులవి. ఉద్యోగం దొరికిందన్న సంబరం నాకు మొదటి రోజే దిగిపోయింది.

ఆ రోజు ఒక ముసలాయన గుమ్మం బయట చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, "అమ్మా, కాస్త మందులు ఇప్పించండమ్మా" అన్నాడు. నేను చీటీ అందుకోబోయాను. లోపలి గదిలోంచి మేజరమ్మ బయటికొచ్చింది. పొట్టి మనిషి, తెల్లటి క్రాపు, ఇస్త్రీ చీర. ముసలాయన చేతుల వంక చూసి, "ఎన్నేళ్ళు చేసినావు సర్వీసు?" అని అడిగింది. పద్దెనిమిదేళ్ళని చెప్పాడాయన. "ఆ పద్దెనిమిదేళ్ళూ కాపలా కాయించుకున్న సర్కారు నీకెప్పుడన్నా దండం పెట్టిందా? మరి నువ్వెందుకు పెడతావు? చేతులు దించు. చెప్పులు వేసుకుని లోపలికి రా" అంది. ఆయన బిక్కచచ్చిపోయి చెప్పులు వేసుకున్నాడు. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది. ఆడపిల్లల్ని మావైపు పిలిచినట్టే నన్నూ 'మే' అనే పిలిచేది. "ఇట్ట చూడు మే. మనం ఇచ్చేది దానం కాదు. వీళ్ళు పని ముందే చేసి పెట్టినారు, కూలి ఇప్పుడొస్తా ఉండాది. పై నుంచి నిధులు రాలేదంటే ఆ తలనొప్పి నాది. నువ్వు మాత్రం రేపు రమ్మని ఎవరికీ చెప్పబాక." అప్పట్లో నాకావిడ అంటే భయమే తప్ప ఇంకేమీ లేదు.

ఆత్మకూరుకు రాలేని వాళ్ళ కోసం ప్రతి గురువారం ఒక వైద్య బండి మెట్టకు వెళ్ళేది. డ్రైవరు మస్తాన్, నేను, మేజరమ్మ. ఉదయగిరి దాటాక దుర్గం కొండ వెనకబడి ఎర్రనేలలు, రాళ్ళగుట్టలు మొదలవుతాయి. సీతారామపురం వైపు బస్సులు తక్కువ. వాన పడితే పంట, లేకపోతే వలస. వలస పోవడానికి మనసొప్పని వాళ్ళు ఒకప్పుడు పటాలంలో చేరారు. వాళ్ళే ఇప్పుడు ముసలివాళ్ళై షుగరు, ఆయాసం, మోకాళ్ళ నొప్పులతో బండి కోసం చూస్తుండేవాళ్ళు. చూస్తుండేవాళ్ళని నేనంటున్నాను గానీ, వాళ్ళు మాత్రం ఏదో ఇటుగా పోతూ ఆగినట్టే వచ్చేవాళ్ళు. ఎట్లా ఉన్నారని అడిగితే అందరిదీ ఒకే జవాబు: ఠీక్ హై. ఊపిరాడకపోయినా ఠీక్ హై, చూపానకపోయినా ఠీక్ హై.

వాళ్ళందరిలోకీ గట్టిపిండం హవల్దార్ కొండయ్య. ఉత్తరాన మంచుకొండల్లో ఏళ్ళ తరబడి ఉండివచ్చినవాడు. మీసం మెలి తిప్పి, చెట్టు కింద కూడా అటెన్షన్‌లో నిలబడేవాడు. షుగరు బాగా ఎక్కువ. ఒక గురువారం ఆయన భార్య రత్నమ్మ బండి వెనక్కి వచ్చి నా కొంగు పట్టుకుంది. "పాపా, ఆయన కాలికి గుడ్డ చుట్టుకుని పండుకుంటా ఉండాడు. నన్ను చూడనియ్యడు. వాసన వస్తా ఉండాది పాపా" అని గుసగుసగా చెప్పింది. నేను వెంటనే మేజరమ్మ చెవిన వేశాను. ఆవిడ కొండయ్యను పిలిచి కాలు చూపించమంది. "ముల్లు గీసుకునింది మేడమ్. ఆకుపసరు పోసినాను, మానిపోయింది. ఠీక్ హై" అన్నాడు కొండయ్య, ఆవిడ తల మీదుగా ఎటో చూస్తూ. ఎంత అడిగినా మాట మార్చలేదు. బలవంతంగా పంచె పైకెత్తలేం కదా.

ఆ రోజు తిరిగొస్తూ దుత్తలూరు దాటాక మేజరమ్మ అంది: "వారం వారం బండి వస్తా ఉంటే ఏదో ఒక గురువారం వాడే చూపిస్తాడు. బండి ఆగిపోతే ఆత్మకూరు దాకా రెండు బస్సులు మారి రాడు. కాలు పోతాది. ఆ కాలుతోపాటు మనిషీ పోతాడు." బండి ఎందుకాగుతుంది మేడమ్ అన్నాను. ఆవిడకి అప్పటికే కబురు తెలుసు.

పై ఆఫీసులో ఆ ఏడాది మాజీ సైనికుల సేవలకు నిధులు తగ్గాయి. అవసరం ఎక్కువగా ఉన్నచోటనే బళ్ళు ఉంచాలని, మిగతావి ఆపేయాలని నిర్ణయించారు. ఏది అవసరమో చూడటానికి ముగ్గురు సభ్యుల బృందం వచ్చి, సైనికులతో స్వయంగా మాట్లాడి రాసుకుపోతుందట. అప్పటికే రెండు చోట్ల బళ్ళు ఆగిపోయాయని మస్తాన్ డ్రైవర్ల ద్వారా తెలుసుకొచ్చాడు. పని పోతే అతను మళ్ళీ లారీ ఎక్కాలి. మేజరమ్మ మాత్రం ఉద్యోగాల మాటే ఎత్తలేదు. మా ఇద్దర్నీ వెంటేసుకుని ఊరూరూ తిరిగింది. ప్రతిచోటా ఒకటే పాఠం: "వాళ్ళు మీ ఇబ్బందులు అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచబాకండి. దాస్తే బండి పోతాది." ముసలాళ్ళంతా బుద్ధిమంతుల్లా తలలూపారు. అట్నే మేడమ్, చెప్తాం మేడమ్. కొండయ్య కూడా అట్నే మేడమ్ అన్నాడు.

"ఇంక భయం లేదు మేడమ్, అందరూ ఒప్పుకున్నారు" అన్నాను బండి ఎక్కాక.

"అదేనే నా భయం. పటాలంలో అందరూ ఒక్కసారిగా అట్నే అన్నారంటే ఏదో మెలిక ఉన్నట్టే" అంది ఆవిడ. ఆ మెలిక ఏమిటో నాకు అంతుపట్టలేదు.

తనిఖీ రోజు మేం హైస్కూలుకు చేరేసరికి వాళ్ళంతా మాకంటే ముందే వచ్చి వరుసలో నిలబడి ఉన్నారు. బండి దిగుతూనే గుప్పున కొట్టింది పాలిష్ వాసన. ముప్పై మందికి పైగా ఉంటారు. ట్రంకుపెట్టెల్లో ఎన్నేళ్ళుగా మగ్గుతున్నాయో, అందరి కాళ్ళకీ నల్లటి బూట్లు, అద్దాల్లా మెరుస్తున్నాయి. గుండెల మీద పతకాలు. నున్నగా గీసుకున్న గడ్డాలు, రంగేసిన మీసాలు. కర్ర లేనిదే అడుగేయలేని నాయక్ సుబ్బయ్య, కర్ర గోడ వెనక దాచి నిటారుగా నిలబడ్డాడు. ఆయాసం మనిషి జోజప్ప దగ్గును బలవంతాన మింగుతుంటే కళ్ళు ఎర్రబడ్డాయి. వరుస చివర కొండయ్య. అతని కాళ్ళకూ బూట్లే. మేజరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొంప ముంచినారు" అంది మెల్లగా.

ఆవిడ నాకు తర్వాత విడమరిచి చెప్పింది. సైన్యంలో తనిఖీ అంటే ముందురోజు రాళ్ళకు కూడా సున్నం కొడతారు. ఆఫీసరు వచ్చి తక్లీఫ్ ఏమైనా ఉందా, ఇబ్బందేమైనా ఉందా అని అడుగుతాడు. దానికి ఒక్కటే జవాబు, నహీ సాబ్. ఉందని ఎవడైనా నోరు జారితే ఆఫీసరు వెళ్ళాక సుబేదారు వాడి తోలు తీస్తాడు. ఇరవై ఏళ్ళ వయసులో ఎముకల్లోకి ఇంకిన అలవాటది. ఉన్నది చెప్పమని మేజరమ్మ చెప్పింది, నిజమే. కానీ పెద్ద సాబు తనిఖీకి వస్తున్నాడన్న మాట కూడా ఆవిడే చెప్పింది. వాళ్ళకు ఆ రెండో మాటే వినబడింది.

బృందం వచ్చింది. పెద్దాయన రిటైరైన కర్నల్, పక్కన లెక్కల ఆఫీసరు, ఒక పడుచు డాక్టరమ్మ. వరుసను చూడగానే కర్నల్ గారి ఛాతీ పొంగింది. ఒక్కొక్కరి ముందూ ఆగి, కోయీ తక్లీఫ్ అని అడిగాడు. నహీ సాబ్. షుగర్ ఎలా ఉంది? ఠీక్ హై సాబ్. దూరం వెళ్ళి చూపించుకోగలరా? జీ సాబ్. ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. గేటు బయట నిలబడ్డ ఆడవాళ్ళలోంచి రత్నమ్మ కళ్ళు నన్నే పొడుస్తున్నాయి. చివరికి కర్నల్ గారు కొండయ్య ముందు ఆగి, అతని పతకాలు చూసి భుజం తట్టాడు. తక్లీఫ్? "నహీ సాబ్" అన్నాడు కొండయ్య. అతని చెంపల మీద చెమట ధారగా కారుతోంది. ఎండ వల్లనే అనుకుని ఉంటాడాయన.

లెక్కల ఆఫీసరు మేజరమ్మ దగ్గరికొచ్చి, "మీవాళ్ళు మాకంటే ఆరోగ్యంగా ఉన్నారు మేడమ్. సంతోషం. ఈ బండి అవసరం ఉన్న ఇంకోచోటికి వెళ్తే న్యాయం కదా" అన్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు, నిజంగానే అలా అనుకున్నాడు. ముగ్గురూ కారు వైపు నడిచారు. నేను ఆవిడ చేయి పట్టుకుని, చెప్పండి మేడమ్, కొండయ్య సంగతైనా చెప్పండి అన్నాను. "నేను చెప్తే కుర్చీ కాపాడుకునేదానికి అంటారు మే" అంది. కారు తలుపు తెరిచిన చప్పుడైంది. అప్పుడావిడ నన్ను విడిపించుకుని వరుస ముందుకెళ్ళి నిలబడింది.

"జూతా ఉతార్."

అంత చిన్న మనిషిలోంచి అంత గొంతు వస్తుందని నేననుకోలేదు. వరుస అదిరిపోయింది. బూట్లు విప్పమని ఏ తనిఖీలోనూ ఎవరూ చెప్పి ఉండరు. కర్నల్ గారు కారు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఆవిడ మళ్ళీ అదే ఆజ్ఞ ఇచ్చింది. ఆఫీసరు ఆజ్ఞ. ముందు సుబ్బయ్య వంగాడు, వంగలేక నేలమీద కూలబడి లేసు లాగాడు. అతన్ని చూసి పక్కవాడు. తర్వాత అందరూ. మెరిసే తోలు కిందనుంచి ఏం బయటపడిందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు నోరు రాదు. వాచిన పాదాలు, పగిలి నెత్తురు కారే మడమలు, వేళ్ళు లేని చోట కుక్కిన పాత గుడ్డలు, నల్లబడిన బొటనవేళ్ళు. పాలిష్ వాసనను మింగేస్తూ ఇంకో వాసన లేచింది. ఆ ఆవరణలో దగ్గు ఆపుకోలేని జోజప్ప చప్పుడొక్కటే వినిపిస్తోంది.

కొండయ్య మాత్రం వంగలేదు. మేజరమ్మ అతని ముందుకెళ్ళింది. "వద్దు మేడమ్. కర్నల్ సాబ్ ముందర వద్దు" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. ఆవిడ ఇస్త్రీ చీరతో మట్టిలో కూర్చుంది. "మీరు ఆఫీసరు. నా కాళ్ళకాడ కూర్చోబాకండి మేడమ్" అన్నాడు. ఆవిడ లేసు లాగి చూసింది. బూటు రాలేదు, లోపల కాలు అంతగా వాచింది. "కత్తెర తే మే" అంది. నేను పరిగెత్తి తెచ్చాను. ముందు లేసు, తర్వాత తోలు, కొద్దికొద్దిగా కత్తిరించింది. కొండయ్య అటెన్షన్‌లోనే నిలబడి నేరుగా చూస్తున్నాడు, కన్నీళ్ళు మీసంలోకి కారుతున్నాయి. కాలు బయటపడగానే డాక్టరమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. ఒక్క క్షణం చూసి, ఇప్పుడే తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే ప్రాణానికి ముప్పు అంది. కర్నల్ గారు దగ్గరికొచ్చాడు. ఆయన మొహం చూడలేకపోయాను. నాకెందుకు చెప్పలేదు హవల్దార్ అని అడిగాడు. "చెప్పే అలవాటు లేదు సాబ్" అన్నాడు కొండయ్య.

నెల్లూరు దాకా ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. కొండయ్య ఒళ్ళు కాలిపోతోంది. రత్నమ్మ ప్రభువును తలుచుకుంటూ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. మేజరమ్మ నాడి మీంచి వేళ్ళు తీయలేదు. తీరా ప్రైవేటు ఆసుపత్రికి చేరితే కౌంటరు దగ్గర కుర్రది మాజీ సైనికుల వైద్య కార్డు మీద ఇప్పుడు చేర్చుకోవడం లేదంది. ప్రభుత్వం నుంచి డబ్బు రావలసి ఉందట, అది వచ్చాక రమ్మంది. నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. మేజరమ్మ మాత్రం గొంతు పెంచలేదు. "మంచుకొండల మీదికి పొమ్మన్నప్పుడు ఈయన డబ్బొచ్చినాక పోతాననలేదమ్మా. నువ్వు మీ పెద్దాయన్ని పిలువు. అందాకా నేనిక్కడే ఉంటాను" అని స్ట్రెచర్‌ను తలుపుకు అడ్డంగా పెట్టి నిలబడింది. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఆవిణ్ణి దాటాల్సిందే. పెద్ద డాక్టరు వచ్చాడు. చేర్చుకున్నారు. కాలు మోకాలి కింద తీసేశారు, మనిషి బతికాడు.

బండి ఆగలేదు. ఆ ఏడాదికి పొడిగించారు. నేను స్వీట్లు కొన్నాను. మేజరమ్మ తినలేదు.

కొండయ్య ఇంటికి చేరాక మేం చూడటానికి వెళ్ళాం. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇటు తిరిగి, "కాలు పోయినందుకు కాదు మేడమ్. కర్నల్ సాబ్ ముందర, అంతమందిలో నా పరువు తీసినారు" అన్నాడు. నాకు మండిపోయింది, ప్రాణం నిలబెట్టిన మనిషిని పట్టుకుని ఏం మాటలివి అనబోయాను. మేజరమ్మ నన్ను కళ్ళతోనే ఆపింది. "అవును, తీసినాను. నీ కోపం నువ్వు ఉంచుకో కొండయ్యా. కోప్పడాలన్నా మనిషి బతికుండాల గదా" అంది. ఆయన మళ్ళీ గోడవైపు తిరిగాడు. బండిలో ఆవిడ కిటికీ వైపు మొహం పెట్టి ఏడ్చింది. నేనావిణ్ణి ఏడవగా చూసింది అదొక్కసారే. "మెచ్చుకుంటారనుకుంటే ఈ పనిలో ఉండబాక మే" అని మాత్రం అంది.

ఆ తర్వాత ప్రతి గురువారం ఆవిడ కొండయ్య ఇంటికి వెళ్ళి మందులు రత్నమ్మ చేతికిచ్చి, కాసేపు గడపలో కూర్చుని వచ్చేది. ఆయన పలకరించేవాడు కాదు. ఆవిడా పలకరింపు ఆశించేది కాదు. అలా ఎన్నో గురువారాలు గడిచాయి. పోయిన వానాకాలంలో మేజరమ్మ నిద్రలోనే పోయింది. ఉదయగిరి సమాధుల తోటలో మట్టి ఇచ్చాం. మెట్టలోని ముసలి సైనికులంతా వచ్చారు. సుబ్బయ్య కర్ర పట్టుకునే వచ్చాడు, జోజప్ప ప్రార్థన మధ్యలో నిస్సంకోచంగా దగ్గాడు. కొండయ్య రాలేదు. నేను గేటు వైపు చూస్తూనే ఉన్నాను. చచ్చినదాని మీద కూడా కోపమేనా అనుకున్నాను.

తర్వాతి గురువారం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఏమేం అనాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. కొండయ్య వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్తసరిగా, ఎట్లా ఉన్నారని అడిగాను. ఠీక్ హై అంటే అప్పుడు మొదలుపెడదామని చూస్తున్నాను. ఆయన దుప్పటి తొలగించి, మిగిలిన ఆ ఒక్క కాలు నా ముందుకు చాపాడు.

"నొప్పిగా ఉండాది పాపా. అందుకే మేజరమ్మ మట్టికి రాలేకపోయినాను. ఆయమ్మ ఉండుంటే ఈ గురువారం ఆయమ్మకే చూపిద్దామనుకున్నాను" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఒక ముసలి సైనికుడు తనంతట తాను నొప్పి అని చెప్పగా వినడం నాకదే మొదలు. కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో. నేను కింద మట్టిలో కూర్చుని ఆ కాలు ఒళ్ళోకి తీసుకున్నాను. మడమ పక్కన పుండు, చిన్నదే, ఇంకా మానేదే. కడుగుతుంటే నా కళ్ళనీళ్ళు దానిమీద పడతాయేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాను. ఇది మాత్రం పోనివ్వను మేడమ్ అని లోపల్లోపలే అనుకున్నాను.

ఆ పుండు ఇంకా పూర్తిగా మానలేదు. వచ్చే ఏడాదికి బండి ఉంటుందో లేదో పై నుంచి ఇంకా ఎవరూ చెప్పలేదు. నిన్న దించిన పెట్టెల్లో కొండయ్య కట్టుగుడ్డలు కూడా ఉన్నాయి. ఈ గురువారం తీసుకెళ్ళాలి.